నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూ: ‘సేవ చేయాలని ఉంది’ అన్నాక వచ్చే రెండో ప్రశ్న

అమ్మా, నువ్వు రాసింది పూర్తిగా చదివాను. సూర్యాపేట దగ్గర పల్లె, పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో వచ్చిన మార్కులకి ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయింది, ఇప్పుడు ఒక మిషన్ ఆసుపత్రి వాళ్ల కాలేజీలో బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, చేతిలో పది రోజులే ఉన్నాయి. ‘నర్సింగే ఎందుకు’ అంటే ఏం చెప్పాలి, ఇంగ్లీషులో అడిగితే ఏం చేయాలి, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయన్న సంగతి చెప్పాలా దాచాలా, ఇవీ నీ మూడు టెన్షన్లు. నేను వార్డుల్లో డ్యూటీలు చేసి, ఆ తర్వాత నర్సింగ్ పాఠాలు చెబుతూ, ఇలాంటి ఇంటర్వ్యూల్లో బల్లకి అవతలి వైపు చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని. అక్కడ మేం ఏం చూస్తామో చెబుతాను, ఏం తయారవ్వాలో దాన్నిబట్టి నీకే అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చేస్తాను. నీ ఫ్రెండ్స్ ‘మాకు ఇంటర్వ్యూనే లేదు, నీకెందుకు’ అన్నారని రాశావు. వాళ్లు చెప్పేది కన్వీనర్ కోటా సంగతి. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ పెట్టి ఇచ్చే సీట్లకి ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగరు, మెరిట్, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన, అంతే. ఇంటర్వ్యూ అనేది ఎక్కువగా మిషన్, ట్రస్టు కాలేజీల్లో, కొన్ని మేనేజ్‌మెంట్ సీట్లకి, పక్క రాష్ట్రాల్లో వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) లాంటి చోట్ల, సైన్యం వాళ్ల నర్సింగ్ కాలేజీల్లో ఉంటుంది. కాబట్టి ఈ ఇంటర్వ్యూకి వెళ్తూనే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ మీద కూడా ఓ కన్నేసి ఉంచు. ఇది వచ్చేస్తుందిలే అనుకుని అది వదిలేసుకున్న పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

ఇక అసలు సంగతి. ఇంటర్వ్యూలో నీకు నర్సింగ్ ఎంత తెలుసు అని ఎవరూ చూడరు, ఎందుకంటే నీకేమీ తెలియదని మాకు తెలుసు, నేర్పడానికే కదా కాలేజీ ఉన్నది. మేం చూసేది ఒకటే: ఈ పిల్ల నాలుగో నెలలో కూడా కాలేజీలోనే ఉంటుందా, పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోతుందా. మొదటి రెండు నెలలు తెల్ల కోటు, ఫొటోలు, కొత్త ఫ్రెండ్స్‌తో సరదాగానే గడిచిపోతాయి. తర్వాత వార్డులో వేస్తారు. పొద్దున్నే పక్కలు సర్దడం, బెడ్‌పాన్ పెట్టడం, వాంతి చేసుకున్నవాళ్లని శుభ్రం చేయడం, ఓ పక్క అటెండెంట్ల అరుపులు, ఇంకో పక్క సిస్టర్ చీవాట్లు, మధ్యాహ్నం మళ్లీ క్లాసు. మధ్యలో మానేసిన పిల్ల సీటు మళ్లీ నిండదు. ఇంటివాళ్లు అప్పు చేసి కట్టిన ఫీజు పోతుంది. అందుకని మేం అడిగే ప్రశ్న ఏదైనా, దాని అడుగున ఉండేది ఇదే.

‘నర్సింగ్ ఎందుకు ఎంచుకున్నావు?’ దీనికి నూటికి తొంభై మంది ‘నర్సింగ్ ఈజ్ ఎ నోబుల్ ప్రొఫెషన్, ఐ వాంట్ టు సర్వ్ ది పీపుల్’ అంటారు. యూట్యూబ్‌లో అలాగే నేర్పుతున్నారు. తప్పు కాదు, కానీ పొద్దుటి నుంచి అదే వాక్యం వింటూ కూర్చున్నవాళ్లకి నలభయ్యో పిల్ల కూడా అదే చెబితే చెవికి ఎక్కదు. అందుకే దాని వెనకాలే రెండో ప్రశ్న వస్తుంది, ‘సరే, ఇంతవరకు ఎవరికి చేశావు?’ అని. సీటు దగ్గరపడేదీ దూరమయ్యేదీ ఇక్కడే.

ఒకసారి ఖమ్మం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. నోబుల్ ప్రొఫెషన్ అంతా అప్పజెప్పింది. మా పెద్ద మేడమ్ కాగితాల్లోంచి తలెత్తకుండానే ‘ఎవరికి చేశావు?’ అంది. పిల్ల కాసేపు ఆగి, తెలుగులోకి వచ్చేసి, ‘మా నాయనమ్మకి మేడమ్’ అంది. తుంటి ఎముక విరిగి నాయనమ్మ నెలల తరబడి మంచం మీదే ఉందట. ‘ఏం చేసేదానివి?’ ‘పక్కకి తిప్పేదాన్ని.’ ‘ఎలా తిప్పేదానివి, నొప్పి అనేది కాదా?’ అప్పుడు ఆ పిల్ల కుర్చీలో ముందుకు జరిగి చేతులతో చూపించడం మొదలుపెట్టింది. పాత చీర నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచే ఉంచేవాళ్లట, ఇటు నుంచి తను, అటు నుంచి అమ్మ ఆ అంచులు పట్టుకుని ఒకేసారి కదిపితే ముసలావిడకి అంత నొప్పి తెలిసేది కాదట. ఒళ్లు తుడిచేటప్పుడు నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూసేదట. ఒకనాడు మడమ ఎర్రగా కనిపిస్తే పిక్క కింద దిండు పెట్టి మడమ దేనికీ ఆనకుండా చేసిందట. ఎవరు చెప్పారు నీకివన్నీ అంటే, డిశ్చార్జి చేసేటప్పుడు సిస్టర్ చెప్పింది, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా అంది.

ఆ పాత చీరని మేం వార్డులో డ్రా షీట్ అంటాం. మంచాన పడ్డవాళ్లకి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఎముక తేలిన చోట చర్మం చూడటం ఫస్టియర్‌లో చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. ఆ పిల్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం, మార్కులు కూడా గొప్పగా ఏమీ లేవు. సీటు మాత్రం వచ్చింది.

నీకు అలాంటి నాయనమ్మ ఉండకపోవచ్చు, ఉండాలని కూడా లేదు. దయచేసి లేని నాయనమ్మని పుట్టించకు. రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే 108కి ఫోన్ చేసి ప్రాణం కాపాడాను అనే కథ మాకు ప్రతి బ్యాచ్‌లోనూ వినిపిస్తుంది. ‘ఫోన్ చేస్తే వాళ్లు నిన్ను ఏం అడిగారు?’ అంటే చాలు, కథ అక్కడే ఆగిపోతుంది. నిజంగా జరిగింది ఎంత చిన్నదైనా ఫరవాలేదు. తమ్ముడికి డెంగీ వచ్చినప్పుడు రాత్రంతా జ్వరం చూస్తూ తడిబట్టతో ఒళ్లు తుడవడం, షుగర్ ఉన్న తాతకి రోజూ ఇన్సులిన్ వేసే అమ్మ పక్కన నిలబడి చూడటం, ఏదో ఒకటి ఉంటుంది. ఓ అరగంట కూర్చుని మీ ఇంట్లో గత ఐదారేళ్లలో ఎవరికి జబ్బు చేసింది, అప్పుడు నువ్వేం చేశావు, ఏం చూశావు, ఏం అర్థం కాలేదు అని తెలుగులోనే కాగితం మీద రాసుకో. నీ జవాబు అందులోనే దొరుకుతుంది. ఉద్యోగం తొందరగా వస్తుందని, ఇంటికి ఆసరా అవుతుందని కూడా ఒక కారణం ఉంటే అది చెప్పడానికి సిగ్గుపడకు. బల్లకి అవతల ఉన్న మేమూ జీతానికే పనిచేస్తున్నాం. ‘మా ఇంట్లో నేను సంపాదించడం అవసరం, ఈ పని నేను చేయగలనని నాకు అనిపించింది’ అన్న పిల్లని ఎవరూ తక్కువగా చూడరు.

విదేశాల మాట కూడా అంతే. గల్ఫ్, జర్మనీ, యూకే అని ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ మాట. ఆశ ఉంటే ఉందని చెప్పు, కానీ అదే మొదటి జవాబు కాకూడదు, వెళ్లాలంటే ఏం కావాలో కూడా కాస్త తెలిసుండాలి. జర్మనీ అంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి, యూకే అంటే ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఇంగ్లీషు పరీక్ష, అమెరికా అంటే అక్కడ నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష. ఇవేవీ తెలియకుండా ‘ఫారిన్ వెళ్తా’ అంటే ఎవరో చెప్పిన మాట అప్పజెబుతున్నావని తెలిసిపోతుంది.

నీట్ సంగతి తప్పకుండా అడుగుతారు. నీ దరఖాస్తులో చూసినా చూడకపోయినా, బైపీసీ పిల్ల అంటే నీట్ రాసే ఉంటుందని మాకు తెలుసు. ‘డాక్టర్ సీటు రాలేదని ఇక్కడికి వచ్చావా?’ అని కాస్త గుచ్చినట్టే అడుగుతారు, ఉడుక్కోకు. ‘రాశాను మేడమ్, రాలేదు. రానందుకు బాధపడ్డాను కూడా. నర్సింగ్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే మొదలైంది’ అని ఉన్నది ఉన్నట్టు చెబితే దాని మీద ఇంకో ప్రశ్న పుట్టదు. ‘చిన్నప్పటి నుంచి నర్సింగే నా కల’ అంటే మాత్రం నీట్ కోచింగ్‌కి లక్షలు ఎందుకు కట్టావని అడుగుతారు. అసలు చిక్కు ప్రశ్న వేరే ఉంది: ‘వచ్చే ఏడు నీట్‌లో సీటొస్తే మానేస్తావా?’ దీనికి జవాబు నేను నేర్పను, నువ్వే నీ మనసుని అడుగు. లాంగ్ టర్మ్ కోచింగ్ పుస్తకాలు హాస్టల్‌కి తీసుకెళ్లే ఉద్దేశమే ఉంటే ఈ సీటు తీసుకోవద్దు. మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కూడా కట్టమని బాండ్ రాయించుకునే కాలేజీలు ఉన్నాయి, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం తండ్రులు ఆఫీసుల చుట్టూ తిరగడం నేను చూశాను.

నీట్ అన్నావు కాబట్టి ఒక పక్క మాట. అందులో క్వాలిఫై అయి ఉంటే మిలిటరీ నర్సింగ్ సర్వీస్ వాళ్ల బీఎస్సీ నర్సింగ్ గురించి తెలుసుకో, చాలామంది తెలుగు పిల్లలకి ఆ దారే తెలియదు. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరులో ఉన్న సైనిక వైద్య సంస్థల్లోని కాలేజీలు, అమ్మాయిలకే. నీట్ మార్కులతో షార్ట్‌లిస్ట్ చేసి, కంప్యూటర్ మీద జనరల్ ఇంటెలిజెన్స్, ఇంగ్లీషు పరీక్ష పెట్టి, మానసిక పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష చేస్తారు. చదువయ్యాక లెఫ్టినెంట్ హోదాలో సర్వీసులోకి తీసుకుంటారు, ముందే బాండ్ రాయాలి. ఈ ఏడు గడువు దాటిపోతే పోయింది, మీ చెల్లెళ్లకి చెప్పు.

సరే, ఇంగ్లీషు. ఇక్కడ నేను నిన్ను ఊరడించను. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు, పుస్తకాలన్నీ ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, కేస్ షీట్ ఇంగ్లీషు, డాక్టర్ ఆర్డర్లు ఇంగ్లీషు. కాబట్టి నీకు ఎంత వచ్చో చూస్తారు, చూడాలి కూడా. అయితే మేం చూసేది ఉచ్చారణ కాదు, గ్రామర్ కాదు. అడిగింది అర్థమైందా, అర్థం కాకపోతే అర్థం కాలేదని చెబుతుందా, ఇదే. అర్థం కాకుండా ‘ఎస్ మేడమ్’ అని తలూపే పిల్ల అంటే నాకు భయం, ఎందుకంటే రేపు వార్డులో మందు డోసు చెప్పినప్పుడూ అలాగే తలూపుతుంది. ‘సారీ మేడమ్, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్, ప్లీజ్ రిపీట్’ అనే ఒక్క వాక్యం బాగా అలవాటు చేసుకో, అది పలకడానికి మొహమాటపడకు.

‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి పేజీలు బట్టీ పట్టొద్దు. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కోటి ఐదారు మాటలు మించకుండా, నీవే రాసుకో: ఊరు, ఇంట్లో ఎవరు, ఎక్కడ చదివావు, తెలుగు మీడియం నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంకి మారినప్పుడు ఏం చేశావు. ఆ మార్పు గురించి చెప్పడం నీకు లాభం. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్ జువాలజీ ఇంగ్లీషులో పాసైన పిల్ల నర్సింగ్ పుస్తకం కూడా చదవగలదని మేమే లెక్క వేసుకుంటాం. మధ్యలో మాట దొరక్కపోతే ‘మే ఐ సే ఇట్ ఇన్ తెలుగు మేడమ్’ అని అడిగి, తెలుగులో చెప్పి, మళ్లీ ఇంగ్లీషులోకి రా. ఈ పది రోజులూ రోజూ ఓ పావుగంట నీ జువాలజీ టెక్స్ట్‌బుక్ పైకి చదువు, గొంతు వినపడేలా. నోరు తిరగడానికి అంతకన్నా మంచి మందు లేదు, పైగా సబ్జెక్టు కూడా గుర్తుకొస్తుంది.

సబ్జెక్టులో కూడా మరీ ఎక్కువ చదవక్కర్లేదు. సెకండియర్ జువాలజీలో మనిషి శరీరం గురించిన పాఠాలు చాలు, జీర్ణం, శ్వాస, రక్త ప్రసరణ, మూత్రపిండాలు, హార్మోన్లు. గుండెకి ఎన్ని గదులు, ఇన్సులిన్ ఎక్కడ తయారవుతుంది, హీమోగ్లోబిన్ తగ్గితే ఏమవుతుంది, డెంగీ దోమకి మలేరియా దోమకి తేడా ఏంటి, ఇలాంటివి. పెద్దవాళ్లలో నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, బీపీ 120/80, ఒంటి వేడి 98.6 ఫారెన్‌హీట్, ఇవి తెలుసుకుని ఊరికే వదిలేయకుండా మీ అమ్మ మణికట్టు మీద వేళ్లు పెట్టి గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టు. మన చేతిలో నిమిషం పాటు ఒక మనిషి నాడి కొట్టుకుంటే అది పుస్తకంలో చదివినట్టు ఉండదు. నైటింగేల్ ఎవరు, నర్సుల దినోత్సవం ఎప్పుడు అని కూడా అడుగుతుంటారు, మే 12, ఆవిడ పుట్టినరోజు, 1820. అంతకుమించి ఆ పక్కకి పోవద్దు.

ఇంతకన్నా నాకు నచ్చే ప్రశ్నలు, పిల్లల్ని కాస్త తికమక పెట్టేవి, ‘నువ్వైతే ఏం చేస్తావు’ రకం. మేం తరచూ అడిగేది ఒకటి చెబుతాను. రాత్రి రెండు గంటలు, నువ్వు స్టూడెంట్‌వి, వార్డులో ఒక తాత దాహం దాహం అంటున్నాడు, స్టాఫ్ సిస్టర్ వార్డు చివర ఇంకో పేషెంట్ దగ్గర బిజీగా ఉంది. ఏం చేస్తావు? ఎక్కువమంది ‘వెంటనే నీళ్లు ఇస్తాను మేడమ్’ అంటారు, మొహం వెలిగిపోతూ, సేవ చేసే అవకాశం వచ్చింది కదా అని. ఒకమ్మాయి మాత్రం ‘ఆయనకి పొద్దున ఆపరేషన్ ఉందా మేడమ్?’ అని మమ్మల్నే ఎదురు అడిగింది. వాళ్ల నాన్నకి హెర్నియా ఆపరేషన్ ముందు ఏమీ తాగనివ్వలేదట, అది గుర్తొచ్చిందట.

విషయం ఏంటంటే, మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే కడుపులోది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అలాంటి మంచం దగ్గర ఎన్‌పీఓ అని బోర్డు పెడతాం, నోటితో ఏమీ ఇవ్వకూడదని. ఆపరేషన్ లేకపోయినా పక్షవాతం వచ్చినవాళ్లకి మింగడం కుదరకపోవచ్చు, గుండె, కిడ్నీ జబ్బుల్లో నీళ్లు కొలిచి ఇస్తాం. ఇవన్నీ ఇంటర్ పిల్లకి తెలియాలని మేం అనుకోం. మేం ఎదురుచూసేది ‘ఇవ్వొచ్చో లేదో నాకు తెలియదు, తాతకి ఒక్క నిమిషం ఆగమని చెప్పి సిస్టర్‌ని అడిగి వస్తాను’ అన్న మాట. ఇందులో మూడూ ఉన్నాయి చూడు, తెలియదని ఒప్పుకోవడం, ఆ మనిషిని గాలికి వదిలేయకుండా ఓ మాట చెప్పి వెళ్లడం, తెలిసినవాళ్లని అడగడం. ఇలాంటి ప్రశ్న ఏది వచ్చినా ఈ మూడింటినీ పట్టుకుంటే దారి తప్పవు. ‘నీ ఫ్రెండ్ పొరపాటున వేరే పేషెంట్ మాత్ర వేసేసింది, ఎవరికీ చెప్పొద్దని నిన్ను బతిమాలుతోంది’ అంటే కూడా అంతే, ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని వెళ్లి వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి, ఎందుకంటే మనం దాచినా ఆ మాత్ర లోపల తన పని తాను చేసుకుపోతుంటుంది. అటెండెంట్ తాగొచ్చి అరుస్తుంటే? ఒంటరిగా వాదనకి దిగకుండా సీనియర్‌నీ సెక్యూరిటీనీ పిలవడం. అక్కడ ధైర్యం చూపించి మార్కులు కొట్టేద్దామని అనుకోవద్దు.

రక్తం. చెప్పొచ్చు, చెప్పు. నాతో చదివినవాళ్లలో, నా దగ్గర చదివినవాళ్లలో మొదటిసారి ఆపరేషన్ థియేటర్‌లో కళ్లు తిరిగి కూలబడినవాళ్లు ఎంతమందో, వాళ్లలో చాలామంది ఇప్పుడు థియేటర్‌లోనే ఇన్‌చార్జిలు. పొద్దున టిఫిన్ తినకుండా రావడం, కదలకుండా నిలబడిపోవడం, వేడి, వాసన అన్నీ కలిసి అలా చేస్తాయి. ‘మొదట్లో కళ్లు తిరిగేవి, మా ఇంట్లో కోళ్లు కోసేటప్పుడు కూడా దూరం వెళ్లేదాన్ని, కానీ ఫలానా అప్పుడు గాయానికి కట్టు కట్టాను’ అని నిజం ఏదుంటే అది చెప్పు. అలాంటిదేమీ లేకపోతే ‘భయం ఉంది, అలవాటు చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను’ చాలు. అసలు పిల్లలు మానేసేది రక్తం వల్ల కాదు తల్లీ. మలమూత్రాలు, కళ్లె, కుళ్లిన పుండు వాసన, వీటి వల్ల. అందుకే కాస్త అనుభవం ఉన్న మేడమ్ ఎవరైనా ‘బెడ్‌పాన్ పెట్టాలి, తీయాలి, కడగాలి, చేస్తావా?’ అని సూటిగా అడుగుతుంది. అడిగీ అడగకముందే ‘చేస్తాను మేడమ్’ అని అరిచినట్టు చెప్పినవాళ్లని నేను పెద్దగా నమ్మను. ఓ క్షణం ఆగి ఆలోచించి చెప్పినవాళ్లే నిలబడతారని నా నమ్మకం. ఇంకో మాట, నీకు ఫిట్స్, ఆస్తమా, గుండె సమస్య లాంటివి ఉంటే దాచొద్దు, ఎలాగూ మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు.

ఈ పది రోజుల్లో ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యి, పుస్తకాలన్నిటికన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. మన దగ్గర బుధవారం, శనివారం టీకాల రోజులు. మీ ఊరి అంగన్‌వాడీకో సబ్ సెంటర్‌కో వెళ్లి, టీకాలు వేసే నర్సు, అదే ఏఎన్ఎం మేడమ్‌ని అడిగి ఓ మూల కూర్చుని ఒక పూట చూడు. టీకా డబ్బా తెరిచి ఐస్ ప్యాక్‌ల మధ్య నుంచి వయల్ తీసి లేబుల్ మీద ఏం చూస్తుందో, బిడ్డని తల్లి ఒళ్లో ఎలా పట్టుకోమంటుందో, బీసీజీ ఎడమ భుజానికే ఎందుకు వేస్తుందో, సూది వేశాక అరగంట ఇక్కడే కూర్చోమని ఎందుకు అంటుందో, కార్డులో ఏం రాస్తుందో. తీరిక దొరికినప్పుడు ఆవిడనే అడుగు, చెబుతుంది, ఆవిడని అలా అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ‘నర్సు పని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా?’ అన్న ప్రశ్నకి ఎంతమంది పిల్లలు నోరెళ్లబెడతారో నీకు తెలియదు. సినిమాలో చూశాం అన్నవాళ్లు కూడా ఉన్నారు.

నాన్నగారితో వెళ్తావు కదా, ఆయనకి ముందే ఓ మాట చెప్పు. చాలా కాలేజీల్లో చివర్లో తల్లిదండ్రుల్ని కూడా లోపలికి పిలుస్తారు. పిల్లని అడిగిన ప్రశ్నకి తండ్రి జవాబు చెప్పేయడం మాకు రోజూ ఉండేదే. ‘అమ్మాయికి భయమండీ, హాస్టల్‌లో ఎప్పుడూ ఉండలేదు’ అని ప్రేమగానే అంటారు, కానీ అది నీకు నష్టం. ఆయన్ని అడిగేవి వేరే ఉంటాయి: నైట్ డ్యూటీలు ఉంటాయి, మీకు అభ్యంతరం లేదా, మగ పేషెంట్లకి కూడా చేయాలి, తెలుసా, చదువు మధ్యలో పెళ్లి చేస్తారా. వీటికి ఇంట్లో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. నువ్వు ఒకటి, ఆయన ఒకటి చెబితే బాగోదు. మిషన్ కాలేజీ అన్నావు, ప్రాస్పెక్టస్‌లో చర్చి లెటర్ (మీరు ఆ చర్చివాళ్లేనని పాస్టర్ రాసిచ్చే ఉత్తరం), స్పాన్సర్‌షిప్ లాంటివి ఏమైనా అడిగారేమో చూసుకో. ప్రార్థన గురించి అడిగితే మీ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పు, లేని భక్తి నటించక్కర్లేదు.

బట్టల గురించి నువ్వు చాలా రాశావు, నేను రెండు మాటల్లో చెబుతాను: ఉతికి ఇస్త్రీ చేసిన మామూలు చుడీదార్, జడ గట్టిగా. గోళ్లు మాత్రం పూర్తిగా కత్తిరించుకో, గోళ్ల రంగు తీసేయి. కాగితాలు అందిస్తున్నప్పుడు మా కళ్లు చేతుల మీదే ఉంటాయి, అది మా వృత్తి జబ్బు.

ఫైల్‌లో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, ఫొటోలు, ఒక్కోటి రెండేసి జిరాక్సులు. అర్హత ముందే సరిచూసుకో: బీఎస్సీ నర్సింగ్‌కి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఆ ఏడు డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, ఇంగ్లీషు పాసై ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 40. అది కుదరకపోతే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా, జీఎన్ఎం ఉంది, దానికి ఏ గ్రూపు ఇంటర్ అయినా ఇంగ్లీషుతో 40 శాతం ఉంటే చాలు. చివర్లో అడిగావు మీ అన్నయ్య గురించి, బీఎస్సీ, జీఎన్ఎం రెండిట్లోనూ మగపిల్లలు చేరొచ్చు, కాకపోతే అమ్మాయిలకే పరిమితమైన కాలేజీలు చాలా ఉన్నాయి, ఏఎన్ఎం కోర్సు మాత్రం ఆడవాళ్లకే.

ఆఖర్న ‘నువ్వేమైనా అడగాలా?’ అంటారు. ‘నో మేడమ్’ అని లేచి వచ్చేయకు. నువ్వు కూడా వాళ్లని చూసుకోవాలి. సొంత ఆసుపత్రి ఎన్ని పడకలది (బీఎస్సీ కాలేజీకి కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన), పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక వైద్యం పోస్టింగులు ఎక్కడ వేస్తారు, అక్కడికి బస్సు ఉందా, ఫస్టియర్‌లో నైట్ డ్యూటీలు ఉంటాయా, హాస్టల్‌తో కలిపి ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది, చదువయ్యాక ఇక్కడే పనిచేయాలని ఒప్పందం ఉందా. ఈ ప్రశ్నలు అడిగిన పిల్లంటే మాకు గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. నాన్నగారు బయట వార్డుల వైపు ఓసారి తిరిగి చూడటం కూడా మంచిదే, పేషెంట్లు లేని ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకోలేం.

నీకు ఇంకెవరో బెంగళూరు కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి ఇంటర్వ్యూ అక్కర్లేదు, అటెండెన్స్ కూడా అక్కర్లేదు, పరీక్షకి వస్తే చాలు అంటున్నారని రాశావు. బెంగళూరులో మంచి కాలేజీలు ఉన్నాయి, నేను ఊరిని అనడం లేదు. కానీ కౌన్సిల్ నిబంధనల్లో ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం పూర్తి కావాలి. హాజరు అక్కర్లేదని చెప్పేవాడు అడ్మిషన్ కమిషన్ కోసం చెబుతున్నాడు. ఏ రాష్ట్రంలో చేరినా ఆ ఏడాదికి ఆ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్ ఉన్నాయో లేదో వాళ్ల వెబ్‌సైట్లలో నువ్వే చూసుకో, బ్రోచర్‌లో ఉంది కదా అని వదిలేయకు.

సెలెక్ట్ అయితే అదే రోజు డబ్బు కట్టమనొచ్చు, ఒరిజినల్స్ ఇవ్వమనొచ్చు. కౌన్సెలింగ్ ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఒరిజినల్స్ ఇచ్చే ముందు, అక్కడ సీటు వస్తే ఇవి వెనక్కి ఇస్తారా, కట్టిన దాంట్లో ఎంత తిరిగి ఇస్తారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఏమేం తీసుకున్నారో జాబితాతో రసీదు తీసుకోండి, అన్నిటికీ స్కాన్ కాపీలు ఫోన్‌లో పెట్టుకో. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్లు ఏం అడిగారో ఇక్కడే రాయి, నీ తర్వాత వెళ్లే పిల్లలకి పనికొస్తుంది.